కిరీటం కట్టను (పదకొండో వారం)

పోయిన వారం మిమ్మల్ని తిరుచానూరు లాడ్జిలో, గంగాధరం మామ టీ గ్లాసు కోసం గాల్లో తడుముతున్న చోట వదిలిపెట్టాను. గ్లాసు ఆయన ముందే, జానెడు దూరంలో ఉంది. ఆ చెయ్యి మాత్రం దాని చుట్టూ తిరిగి తిరిగి చివరికి బల్ల అంచు పట్టుకుంది. అది చూసింది నేనొక్కదాన్నే. మిగతావాళ్ళంతా మహిత మీద పడి అరుస్తున్నారు.

ఆ అరుపులు ఎందుకో మరిచిపోయినవాళ్ళకి మళ్ళీ చెబుతాను. గంగాధరం మామ ముప్పయ్యొక్క ఏళ్ళుగా అర్జునుడి వేషం కడుతున్నాడు. చిత్తూరు చుట్టుపక్కల భారతం జరిగే ఊళ్ళలో ఎనభై అడుగుల తాటిమాను ఎక్కుతూ, పద్యాలు పాడుతూ, శివుడి కోసం తపస్సు చేసే వేషం అది. తన తర్వాత ఆ వేషం కూతురు మహిత కట్టాలని ఆయన కోరిక. మేళం పెద్ద మునిరామయ్యకు ఆ మాట వినబడితే చాలు, ఒంటికి కారం పూసినట్టవుతుంది. ఆడపిల్ల మాను ఎక్కడమేమిటని ఆయన వాదన. మగవాడు ద్రౌపది వేషం కట్టడంలో మాత్రం ఆయనకు ఏ తప్పూ కనపడదు, ఎందుకంటే ఇరవై ఏళ్ళు ఆ వేషం కట్టింది ఆయనే.

నేను రిహానాను, చిత్తూరు కాశిం సాహెబ్ కూతురిని. మా అబ్బా పొణికి కొయ్యతో కిరీటాలు చెక్కి, బేగడ రేకు అంటించి, అద్దాలు పొదిగి మేళాలకు ఇచ్చేవాడు. ముఖాలకు రంగు వేసేదీ ఆయనే. ఆయన చేతులు వణకడం మొదలయ్యాక, పదేళ్ళుగా ఆ పని నాది. ఎన్నో ముఖాలకు రంగు పూశాను కాబట్టి, మనిషి ఏదన్నా దాస్తుంటే నాకు తొందరగానే తెలుస్తుందని ఒక గర్వం ఉండేది. ఈ వారంతో ఆ గర్వం కూడా తీరింది.

గోవిందస్వామి కవిగారి శతజయంతి నాటకోత్సవాలకు అది ఆఖరి రోజు. నాలుగు రోజులు తిరుపతిలో చల్లటి హాల్లో, మెత్తటి కుర్చీల్లో కవిగారి నాటకాలు ఆడారు. శాలువాలు కప్పారు, కప్పించుకున్నారు. అయిదో రోజు కవిగారు మా మేళం కోసమే రాసిన ‘తపసు మాను’ కాలేజీ మైదానంలో పట్టపగలు ఆడాలి. అన్నిటికీ కర్త కవిగారి మనవడు రవిచంద్ర. తాత మీద అతనికి భక్తి లేదని నేననను. కానీ మైదానం గేటు మీద కట్టిన బ్యానర్లో తాత బొమ్మ కంటే మనవడి బొమ్మే పెద్దది.

మైదానం పక్కన ఆటసామాన్ల గది మాకు ఇచ్చారు. ఒక మూల హాకీ కర్రలు, ఇంకో మూల గాలి పోయిన బంతులు. మధ్యలో ప్లాస్టిక్ కుర్చీలో, మెడ చుట్టూ తువ్వాలు కప్పుకుని గంగాధరం మామ. మణికట్టుకు పసుపు కంకణం. మధ్యాహ్నం మూడు కావస్తోంది, నాలుగింటికి పూజ.

పచ్చరంగు పూశాను. కళ్ళకు కాటుక తీర్చాను. ఇక మీసం, నొసట నామం మిగిలాయి. నామం ఎప్పుడూ వేషగాడే దిద్దుకోవాలి, అది పద్ధతి. ఈమధ్య మాత్రం మామ ఆ పని కూడా నాకే ఒప్పజెబుతున్నాడు. చెయ్యి వణుకుతోందంటే నమ్మాను. మా ఇంట్లో వణికే చేతులు చూస్తున్నదాన్ని కాబట్టి సులువుగా నమ్మాను.

లాడ్జిలో టీ గ్లాసు చూశాక నమ్మకం పోయింది. అద్దం తీసి, తిరగేసి, వెనక రేకు ఆయన వైపు ఉండేలా చేతిలో పెట్టాను.

మామ దాన్ని ముఖానికి ఎదురుగా ఎత్తి పట్టుకున్నాడు. తల కుడికి వంచాడు, ఎడమకు వంచాడు. ముప్పయ్యేళ్ళుగా ఎలా చూసుకుంటాడో అలాగే చూసుకున్నాడు.

“బాగుండాది పాపా. మీసం రవంత జాస్తి ఒంపు తిప్పినట్టుండావు గానీ, పర్వాలేదులే.”

మీసం నేను ఇంకా దిద్దనే లేదు.

పక్కనున్న ట్రంకుపెట్టె మీద కూర్చున్నాను. మామ ఇంకా ఆ రేకు వైపే చూసి చిన్నగా నవ్వుకుంటున్నాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

“ఎన్నాళ్ళయింది మామా?”

“ఏంది?”

“కండ్లు పొయ్యి.”

నవ్వు ఆగిపోయింది. అద్దం మెల్లగా ఒళ్ళోకి దించాడు. దాని మీద వేళ్ళు పెట్టి ముందు ఇటు, తర్వాత అటు తడిమాడు. అప్పుడు అర్థమయింది ఆయనకు.

“నన్ను పరీచ్చ పెట్టినావా పాపా?” అన్నాడు. గొంతులో కోపం లేదు. “గట్టిగా అనబాక. తలుపు తెరిసుండాది.”

“ఎన్నాళ్ళు?”

“రెండేండ్లు. ఎడమది ముందే పాయ. కుడిది పోయిన శివరాత్రికి పాయ. రాయవేలూరులో డాక్టరమ్మ సూసింది. లోపల నరం ఎండిపోయిందంట, ఇంక రాదంట. వెలుతురు తెలుస్తాది. మనిషి ఎదురుగా నిలబడితే నల్లగా తెలుస్తాది.”

“మహితకు తెలుసా?”

“తెలీదు. తెలీనీబాక.”

“మరి మొన్న చైత్రంలో మాను ఎక్కినావు గదా! నేనే గదా కిరీటం కట్టింది!”

“ఎక్కినా. దిగినా. యెవురికన్నా తెలిసిందా?” అని మామ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. అంత దిగులులోనూ ఆయనకు అది గొప్పే. “మాను కండ్లతో ఎక్కేది కాదమ్మా, పద్యంతో ఎక్కేది. పద్యం ఎత్తుకునేటప్పుడు ఒక మెట్టు, దించేటప్పుడు ఒక మెట్టు. మన ఊర్లలో ఇరవై ఏడు పద్యాలు, యాభై నాలుగు మెట్లు. ఆఖరి పద్యం అయిపోయేతలికి పైనుండే పలక నా చేతికి తగలాల. ఇన్నేండ్లుగా తగుల్తానే ఉండాది.”

“ఈడ రవిచంద్ర ఏడు పద్యాలు కోసేసినాడు.”

“తెలుసు. టీవీ వాళ్ళకు టైము లేదంట. ఇరవై పద్యాలు, నలభై మెట్లు. అడిగి కనుక్కున్యా. లెక్క సరిపాయ.”

అంత నిబ్బరంగా చెప్పాడు, నేను కూడా ఒక్క క్షణం సరిపోయిందనే అనుకున్నాను. అంతలో ఒక సంగతి గుర్తొచ్చింది.

“మామా, ఊర్లో మాను నిలబెట్టే ముందు నీ మూర కొలిచి, ఆ కొలతకు మెట్లు కొడతారు గదా. ఈసారి యెవురన్నా వచ్చి నీ మూర కొలిచినారా?”

మామ కుడిచేతి వేళ్ళతో ఎడమ మోచెయ్యి పట్టుకున్నాడు. ప్రతి ఏడూ మానుకొట్టేవాళ్ళు తాడు పెట్టి కొలిచే చోటు అది.

ఎవరూ రాలేదు. ఇన్నేళ్ళలో మేమెవరమూ ఆ పని గురించి ఆలోచించలేదు, ఎప్పుడూ ఎవరో ఒకరు వచ్చి కొలిచి పోయేవాళ్ళు కాబట్టి. మేళంలో పద్నాలుగు మందిమి, అయిదు రోజులుగా తిరుపతిలోనే ఉన్నాం. ఏ ఒక్కరికీ తట్టలేదు. పైగా కంకణం కట్టుకున్న వేషగాడు పూజ అయ్యేదాకా మానును తాకకూడదు. కాబట్టి మామకు తెలిసే దారే లేదు. తెలిసిన దాన్ని నేను.

“అది తాటిమాను కాదు మామా. ఇనప స్తంభం. సోమవారం చెన్నపట్నం నుంచి లారీలో వచ్చింది. పైన చెక్క రంగు పూసినారు. మెట్లు కూడా ఇనపవే. వాళ్ళ ఇష్టం వచ్చిన కొలతకు పెట్టుకున్యారు.”

“నలభయ్యే గదా?”

“నలభై అయితే ఏంది? మెట్టుకూ మెట్టుకూ ఎంత దూరముందో నీకు తెలుసా? నీ కాలికి తెలుసా?”

“రెండు మెట్లు ఎక్కితే తెలిసిపోతాది.”

“తెలిసేలోపల జారితే?”

నడుముకు బెల్టు కడతామని కమిటీ వాళ్ళు మొదటి రోజే అన్నారు. తపస్సుకు బెల్టేమిటని తోసిపుచ్చింది ఈయనే. అప్పుడు మేమంతా చప్పట్లు కొట్టాం. నేను కూడా కొట్టాను.

ట్రంకుపెట్టె మీంచి లేచాను. కిరీటం దాని పక్కనే ఎర్రగుడ్డలో ఉంది. దాన్ని పెట్టెలో పెట్టి మూత వేశాను. ఆ చప్పుడు మామకు వినపడింది.

“నేను కిరీటం కట్టను మామా.”

ఆ మాట బరువు ఆయనకు తెలుసు. మా మేళంలో అర్జునుడి కిరీటం ముడి మా ఇంటి చెయ్యే వెయ్యాలి. కవిగారి కాలంలో మా తాత వేశాడు, తర్వాత అబ్బా, ఇప్పుడు నేను. కిరీటం లేకుండా అర్జునుడు పూజకు నిలబడడు. పని నేర్పేటప్పుడు అబ్బా ఒకటే చెప్పాడు, ముడి నువ్వు వేస్తే ఆ తల క్షేమంగా కిందికి దిగేదాకా పూచీ నీదేనని.

“మీ నాయన అయ్యుంటే కట్టేవాడు,” అన్నాడు మామ.

“మా అబ్బా అయ్యుంటే నీ చెంప పగలగొట్టేవాడు.”

దానికి ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. తర్వాత చేతులు చాచి గాల్లో నా కోసం వెతికాడు. నేను వెనక్కి జరిగాను. తప్పే, కానీ ఆ చేతులు నన్ను పట్టుకుంటే కరిగిపోతానని నాకు భయం.

“పాపా, ఒక్క మాట ఇను. నాకేమన్నా శాలువా కావాలనా? మంత్రి దండ కావాలనా? మాను కొనమీద నిలబడి అర్జునుడు చెప్పిన మాట మేళానికి శాసనం. కిందనుంచి చెప్తే నూరు మంది నూరు మాట్లంటారు. తిరుచానూరులో విన్యావు గదా, ఎట్ల అరిసినారో. పైనుంచి చెప్తే మునిరామయ్య అయినా చెయ్యెత్తి మొక్కాల్సిందే. పైకి పోవాల. నా తర్వాత మహితే అని ఒక్క మాట చెప్పాల. దిగాల. అంతే.”

“వచ్చే ఏడు చెప్పు.”

“వచ్చే ఏడుకి ఈ రవంత వెలుతురు కూడా ఉండదు. ఈ పొద్దు నా సంగతి తెలిస్తే, నిలబెట్టి కంకణం ఇప్పించి మునిరామయ్య తమ్ముడి కొడుక్కి కడతారు. ఒకసారి కంకణం ఆ ఇంటికి పోతే ఇంక రాదు. మహిత పదేండ్ల నుంచి మాను కింద కూర్చోని నాకు వంత పాడతాండాది. ఇరవై ఏడు పద్యాలూ దానికి నాకంటే బాగా వచ్చు. అదేం పాపం చేసింది?”

“నువ్వు పడి సచ్చిపోతే ఆ బిడ్డకు ఏమొస్తాది మామా?” అని అరిచాను. గట్టిగా అనవద్దన్న సంగతి మరిచిపోయి అరిచాను.

మామ తువ్వాలు తీసి కళ్ళు ఒత్తుకోబోయి, కాటుక చెదురుతుందని ఆగాడు.

“భయం లేదని అన్ను. నాలుగు దినాలుగా నిద్ర పట్టలా. అయినా పోవాల,” అన్నాడు.

ఇలాంటి మనిషిని ఏం చెయ్యాలో మీకు తెలిస్తే చెప్పండి. నాకు తెలియలేదు. పోయి మునిరామయ్యతో చెబితే ఈయన ప్రాణం నిలుస్తుంది, కానీ ఆ తర్వాత ఈయన బతికినా ఒకటే, బతక్కపోయినా ఒకటే. చెప్పకపోతే అంత ఎత్తు మీద నుంచి... ఆ ఊహ కూడా నాకు వద్దు.

చివరికి పెట్టెలోంచి నాడా తీశాను. మామ మోచేతి నుంచి నడిమివేలి కొస దాకా చాచి, అక్కడ ముడి వేశాను.

“నేను పోయి ప్రతి మెట్టూ చూసి వస్తా. అన్నీ ఒక్క తీరున ఉంటే, కొలత చెప్తా, నీ కాలికి ఈడనే అలవాటు చేసుకో. అప్పుడు కడతా. తేడా ఉంటే మాత్రం కట్టను, మునిరామయ్యకు కూడా నేనే చెప్తా. నీ పద్యం మీద ఒట్టు వెయ్యి, నేనొచ్చేదాకా ఈ కుర్చీలోంచి లేవనని.”

“ఒట్టు,” అన్నాడు వెంటనే. ఇంత ఆశ పెట్టుకున్న ముఖాన్ని ఇంతవరకూ చూడలేదు నేను.

తలుపు బయట మహిత నిలబడి ఉంది. పైనుంచి జనం మీదికి విసిరే గూడూరు నిమ్మకాయల బుట్ట చంకలో ఉంది.

“ఎంతసేపయింది వచ్చి?” అన్నాను.

“ఇప్పుడే అక్కా.”

తల ఎత్తలేదు. ఇంకో రోజైతే గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తి చూసేదాన్ని. నా తొందర నాది. నాడా పట్టుకుని మైదానంలోకి పరుగెత్తాను.

జనం అప్పటికే కిక్కిరిసి ఉన్నారు. స్తంభం చుట్టూ తాడు కట్టారు. కాపలా అతను ఆపాడు. వేషాల మనిషినని, మానుకు కట్టే పూలదండ కొలత తీయాలని అబద్ధం చెప్పి లోపలికి పోయాను. అందినన్ని మెట్లకు నాడా పెట్టి చూశాను. మామ మూర కంటే నాలుగు వేళ్ళు ఎక్కువ. సరే, నాలుగు వేళ్ళు ఆయన కాలికి చెప్పవచ్చు. నలభై మెట్లకూ అదే కొలతయితే నేర్చుకుంటాడు. కొంచెం ఊపిరి వచ్చింది.

తల ఎత్తి పైవాటిని లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఎండ కళ్ళలో పడుతోంది. ఇరవై, ముప్పయి, ముప్పయి రెండు. ఆ తర్వాత మెట్టు లేదు.

మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాను. మూడోసారి వేలు చూపిస్తూ లెక్కపెట్టాను. ముప్పయి మూడో మెట్టు ఉండాల్సిన చోట ఒక చిన్న కెమెరా బిగించి ఉంది. దాని మీద ముప్పయి నాలుగు, ఆ పైన మిగిలినవి. పదిహేడో పద్యం ఎత్తుకుంటూ మామ కాలు పెట్టేది సరిగ్గా అక్కడే.

రవిచంద్ర వేదిక దగ్గర పూలకుండీలు సర్దిస్తున్నాడు. చెయ్యి పట్టి లాగినంత పని చేశాను.

“రవిచంద్ర గారూ, ఆ పైన కెమెరా తీయించండి. ఒక మెట్టు పీకేసి పెట్టారు.”

“తెలుసు రిహానా గారూ. అర్జునుడి ముఖం దగ్గరగా చూపించడానికి అదొక్కటే చోటు. టీవీ వాళ్ళు పట్టుబట్టారు.”

“మెట్టు లేకపోతే ఎలా ఎక్కుతాడు?”

“ఒక్క మెట్టే కదా. కాలు కొంచెం చాస్తే పై మెట్టు అందుతుంది. మా కుర్రాళ్ళు పొద్దున నాలుగుసార్లు ఎక్కి దిగారు,” అన్నాడు. నా ముఖం చూసి, ఊరడిస్తున్నట్టు, “చూసుకునే ఎక్కుతాడు కదా ఆయన,” అన్నాడు.

ఆ మాటకు నా దగ్గర జవాబుంది. నోటి చివర దాకా వచ్చింది. అది చెబితే ఆ క్షణమే మహిత వేషం పోతుంది. పళ్ళు బిగబట్టి, “తీయించండి, మీకు దండం పెడతాను,” అన్నాను. నేను ఎవరికీ దండం పెట్టే రకం కాదు, ఈ పది వారాల్లో మీకు ఆ సంగతి తెలిసే ఉంటుంది.

“తీసి బిగించాలంటే గంట పడుతుంది. మంత్రిగారు ముందే వచ్చేశారు, గేటు దగ్గరున్నారు. పూజ అక్కర్లేదు, నేరుగా మొదలుపెట్టేయమన్నాను. మీరు ఆయన్ను పంపండి,” అని అతను దండలు తెప్పించడానికి పోయాడు.

నేను నిలబడిపోయాను. ఇక వేరే దారి లేదు. మామకు కోపం రానీ, జన్మలో నాతో మాట్లాడకపోనీ, మునిరామయ్యతో చెప్పి ఆపించాల్సిందే. ముందు మామకే చెప్పి, తర్వాత ఆయన దగ్గరికి పోదామని వెనక్కి పరుగెత్తాను. జనం మోచేతులతో పొడుస్తున్నారు. ఎవరో నా పైట కొంగు తొక్కారు.

మామ కుర్చీలోనే ఉన్నాడు. ఒట్టు తప్పలేదు. రెండు కాళ్ళూ నేల మీద ఎత్తి పెడుతూ, ఇనప మెట్లకు అప్పుడే అలవాటు చేసుకుంటున్నవాడిలా కదులుస్తున్నాడు.

“వచ్చినావా పాపా? నీ అడుగు తెలిసింది. అన్నీ ఒక్క తీరున ఉండాయా? బిన్నే కిరీటం కట్టు, జనం గోల జేస్తాండారు.”

“మామా, నువ్వు ఎక్కడం లేదు,” అంటూ పెట్టె వైపు చూశాను. మూత తెరిచి ఉంది. ఎర్రగుడ్డ నేల మీద పడి ఉంది. లోపల కిరీటం లేదు.

“ఈడికి యెవురొచ్చినారు మామా?”

“యెవురూ రాలా. మహిత వచ్చి నిమ్మకాయలు యాడ పెట్టేదని అడిగింది. పెట్టెలో పెట్టమన్యా. నా కాళ్ళకు మొక్కి పాయ. ఏం?”

బయట మద్దెల మోగింది. శంఖం ఊదారు. జనం ఒక్కసారి గోల చేసి, మళ్ళీ ఒక్కసారిగా ఆగిపోయారు. ఇన్ని వేలమంది అంత తొందరగా నోరు మూసుకోవడం నేను ఎప్పుడూ వినలేదు.

ఆ నిశ్శబ్దంలో పద్యం లేచింది. మైకు లేదు, ఉత్త గొంతు.

‘ఒక్క కాలిపై నిలిచితి నుగ్రమూర్తి...’

“మహితే,” అని మామ ముఖం విప్పారింది. “నేను పోకుండానే వంత ఎత్తుకునిందే! జనం కోసరం ఆపుతాండాది పాపం. మంచి పని జేసింది.”

పద్యం దించింది. రెండో పద్యం ఎత్తుకుంది. మామ తలూపుతూ వింటున్నాడు, వేళ్ళతో మోకాలి మీద తాళం వేస్తున్నాడు. మూడో పద్యం సగంలో తాళం ఆగింది. పచ్చరంగు పూసిన ముఖం కిటికీ వైపు తిరిగింది. అక్కణ్ణించి మెల్లమెల్లగా, ఆ గొంతు ఎటుపోతే అటు, పైకి లేచింది.

“పాపా,” అన్నాడు నా చెయ్యి పట్టుకుని. “మహిత గొంతు పైనుంచి వస్తాండాదేందమ్మా?”